పాత చిన్న కారు కొన్నవారికి

దమ్మపేట పరిసర గ్రామములలో పాత మారుతి 800 కొనువారు ముందు రంగు చూచి మురియుదురు. నడిరేయి రోగిని సత్తుపల్లికో కొత్తగూడెమునకో చేర్చవలసిన బండికి రంగేల? ఈ కారు తయారీ 2014లోనే ముగిసినది; దొరకునవన్నియు వయసు మీరినవే.

పంచాయతీ సభ్యులు కొన్నవారిచే మొదట బ్రేకులు చూపింపవలెనని మా మనవి. ఇంజను నడచుచుండగా బ్రేకు పెడలును అదిమి పట్టవలెను. అది మెల్లగా క్రిందికి దిగినచో లీకున్నట్లే, బాగుచేయువరకు బండి కదలరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక పాతదానిని తీసి క్రొత్తది పోయింపవలెను. ఇంజను ఆయిలు మూత క్రింద మజ్జిగ వంటి నురుగున్నచో నీరు చేరినదని అనుమానింపవలెను. టైరుపై నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. అరగకున్నను, పగుళ్లు వారిన టైరు పనికిరాదు.

ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూడవలెను, అమ్మినవాని ప్రమాణములు ఆర్.సి. కాజాలవు! పేరు మార్పునకు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను.