మొదటి మిస్టరీ నవల చేతికిచ్చే ముందు

ఉండి, ఆకివీడు, భీమవరం వైపు ఒక తరానికి డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు యుగంధరే. పక్కన అసిస్టెంట్ రాజు. ఇంకా వేగం కావాలన్నవాళ్ళు మధుబాబు షాడో వెంట పడ్డారు. అద్దెకి తెచ్చిన ఆ పుస్తకాలు ఇంట్లో ఆడవాళ్ళూ చదివారు, కానీ ఆ పేర్లన్నీ మగవాళ్ళవే. ఇప్పుడు మీ పిన్నో, డిగ్రీ చదువుతున్న మేనకోడలో ‘ఆడ డిటెక్టివ్ ఉన్న సిరీస్ ఏదన్నా చెప్పు’ అని అడిగితే ఏం చెప్పాలి?

వెంటనే పది పేర్లు చెప్పేయకండి. ముందు ఆమె ఏం చూస్తుందో, ఏం చదువుతుందో, రక్తపాతం తట్టుకోగలదో లేదో కనుక్కోండి. ఇంగ్లీషు ఎంత సులువుగా చదవగలదో కూడా అడగండి, ఎందుకంటే నేను చెప్పబోయేవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: మంచి ఆడ డిటెక్టివ్ బలం తుపాకీలో ఉండదు. పోలీసులు అడుగుపెట్టలేని గదిలోకి ఆమె వెళ్ళగలదు. చదివే మనిషికి తెలిసిన గది ఏదో చూసి, ఆ గదిలోకి వెళ్ళే డిటెక్టివ్‌ని పరిచయం చేయండి.

ఊళ్ళో ఎవరింటికి ఏ రైల్లో ఎవరొచ్చారో చెప్పగలిగే పెద్దావిడకి అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ని మించిన స్నేహితురాలు దొరకదు. పెళ్ళి చేసుకోని ఆ ముసలావిడ సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూళ్ళో ఉన్ని అల్లుకుంటూ కూర్చుంటుంది. నిందితుణ్ణి చూడగానే ఆమెకి ఊళ్ళో ఎవరో గుర్తొస్తారు. వాళ్ళు చేసిన చిన్న తప్పు గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి హంతకుడి దాకా వెళ్తుంది. మార్పుల్ మొదటి నవల 1930లో వచ్చింది. కానీ కొత్తవాళ్ళకి 1932 నాటి కథల సంపుటి ‘ది థర్టీన్ ప్రాబ్లమ్స్’ ఇవ్వండి. పొయ్యి మీద అన్నం ఉడికే లోపు ఒక కథ అయిపోతుంది. ఇంగ్లీషు రాని అత్తయ్యకి రాత్రిపూట ఒక్కో కథ మీరే తెలుగులో చెప్పొచ్చు. ముగింపుకి ముందు ఆగి, ‘ఎవరు చేసి ఉంటారత్తయ్యా?’ అని అడగండి.

ఆస్తి, హక్కులు, కోర్టు మాటలంటే ఆసక్తి ఉన్నవాళ్ళకి సుజాత మాస్సీ రాసిన పర్వీన్ మిస్త్రీ సిరీస్ ఇవ్వండి. నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది ఇదే. 1921 నాటి బొంబాయిలో పర్వీన్ పార్సీ లాయరు. తొలి మహిళా న్యాయవాదుల్లో ఒకరైన కోర్నీలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకి ప్రేరణ. మలబార్ హిల్‌లో ఒక ధనికుడు చనిపోతే, పరదాలో ఉన్న ముగ్గురు భార్యలూ తమకి రావలసింది వదులుకుంటున్నట్టు కాగితాలొచ్చాయి. ఒకామె సంతకం చోట ఇంటూ గుర్తు ఉంది. చదవడం రాని మనిషికి ఆ కాగితంలో ఏముందో ఎవరు చెప్పారు? మగ లాయరు ఆ పరదా వెనక్కి వెళ్ళి అడగలేడు, పర్వీన్ వెళ్ళింది. మన వైపు పొలం కాగితాల మీద వేలిముద్ర వేసిన అమ్మమ్మలున్న ఇళ్ళల్లో ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

చదువుకునే అమ్మాయికైతే హరిణి నాగేంద్ర ‘ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్’ (2022). పందొమ్మిదేళ్ళ కావేరికి కొత్తగా పెళ్ళయింది, లెక్కలంటే ప్రాణం, కారు నడుపుతుంది. హత్యలంటే గుండె దడ అనేవాళ్ళకి అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన రమోత్స్వే కథలు నయం. తండ్రి వదిలివెళ్ళిన పశువుల్ని అమ్మి, ఆ డబ్బుతో బోట్స్వానాలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మనిషి ఆవిడ. పాడి ఉన్న ఇంట్లో ఆ నిర్ణయం ఎంత పెద్దదో ఇట్టే తెలుస్తుంది.

కిశ్వర్ దేశాయ్ ‘విట్‌నెస్ ది నైట్’ మాత్రం మొదటి పుస్తకంగా ఇవ్వకండి. మంచి నవలే, ఆడపిల్లల్ని చంపుకునే సమాజం మీద కోపంతో రాసింది. కానీ చదివాక నిద్ర పట్టదు. నాలుగైదు పుస్తకాలు అలవాటయ్యాక చెప్పండి.

వరస సంగతి కూడా చెప్పాలి. మార్పుల్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. పర్వీన్, కావేరి, రమోత్స్వేల సొంత జీవితాలు పుస్తకం నుంచి పుస్తకానికి సాగుతాయి కాబట్టి మొదటిదే ముందు చదవాలి. హంతకుడెవరో పొరపాటున కూడా నోరు జారకండి. వెనక అట్ట మీది కథాసారం కూడా చదవొద్దని చెప్పండి.

పుస్తకం దొరక్కపోతే మీ శాఖా గ్రంథాలయంలోనో, ఏలూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో పుస్తకం పేరు, రచయిత పేరు చీటీ మీద రాసి ఇవ్వండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారేమో, నలుగురు అడిగితే తెప్పించే అవకాశం ఉంటుంది. మీతోపాటు ఇంకో ముగ్గురి చేత రాయించండి.