ఇరువిద్యల మాంత్రికుని లెక్క

కాగితము, పెన్సిలు, పాచికలు మాత్రమే పెట్టుబడిగా గల కథాక్రీడ యొకటి మా పైతరగతుల బాలబాలికలలో వ్యాపించియున్నది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. సురంగల్, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతముల పిల్లలు సెలవుదినములలో ఒక బల్లచుట్టు జేరి, ఒకరు కథ నడుపుచుండగా దక్కినవారు అందలి పాత్రలై దీనిని గంటలకొలది యాడుదురు. వారిలో వారికి తీరని తగవొకటి మాయొద్దకు వచ్చినది. మాంత్రికుడు ఒక్క విద్యయందే నిలుచుట మేలా, రెండు విద్యలను గలుపుకొనుట మేలా? ఇది గణితముచే తీరదగిన తగవగుటచే ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ యాటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు రచింపగా, 1974లో అమెరికాలోని లేక్ జెనీవా పట్టణమునుండి ప్రకటితమైనది. అప్పుడు పాత్రలకు మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనబడు దైవసేవకుడు. మంత్రమును ముందుగా కంఠస్థము చేయవలెననియు, ప్రయోగించినతోడనే యది మనస్సునుండి తొలగిపోవుననియు నియమము. ఇది జాక్ వాన్స్ అను రచయిత 1950లో ప్రకటించిన కథలనుండి గైకొనబడినది. (పరీక్ష వ్రాసి వెలుపలికి వచ్చినతోడనే పాఠమును మఱచు విద్యార్థులకు ఈ నియమమును వేఱుగా బోధింపనక్కఱలేదు.) 1978 నాటి గ్రంథములో మనుష్యపాత్ర ఒక విద్యను విడిచి మఱియొకదానిని బట్టవలసినదే కాని రెంటిని జమిలిగా సాగింపరాదు. 2000 సంవత్సరపు నియమములలో ప్రతి స్థాయియందును ఇష్టమైన విద్యను బెంచుకొను స్వేచ్ఛ కలిగినది; కాని రెండు విద్యల శక్తులు విడివిడిగా లెక్కింపబడుటచే అట్టివాని చేత చిన్న మంత్రములు పెక్కు, పెద్ద మంత్రము సున్న. 2014లో ఈ లోపము సగము తీర్పబడినది. ఆ సగమెట్టిదో తెలియుటయే మన పాఠము.

అంతకు ముందు తలిదండ్రులకొక మాట. ‘మంత్రము’ అను పదము వినగానే కొందఱు కలతపడిరి. 1980 తరువాత అమెరికాలోను ఇట్టి కలతయే పుట్టి, ఈ యాటకు ప్రతికూలముగ సంఘము సైతము వెలసినది. మేము పిల్లల ప్రక్కను గూర్చుండి చూచితిమి. అచ్చట నెవరును మంత్రము పఠింపరు. ‘అగ్నిగోళము’ అని చెప్పి, ఎనిమిది పాచికలు వేసి, కూడి, ఎదుటివాని బలమునుండి తీసివేయుదురు. మాయల ఫకీరు కథ విన్నంతమాత్రమున నెవడును ఫకీరు కాలేదు గదా.

ఇక నియమము. ఇంగ్లీషు పుస్తకమున పాత్రయొక్క పెఱుగుదలకును మంత్రముయొక్క ఘనతకును ఒక్కటే పదము వాడబడుటచే పిల్లలు తికమకపడుచున్నారు. మేము మొదటిదానిని ‘స్థాయి’ యనియు, రెండవదానిని ‘శ్రేణి’ యనియు నందుము. స్థాయిలు 20, శ్రేణులు 9. మంత్రమును వేయుటకు ఖర్చుపెట్టు శక్తిభాగమును పిల్లలు ‘స్లాటు’ అందురు. ఆ మాటనే యుంచితిమి. విజర్డ్, క్లెరిక్ అను రెండు విద్యలు గలవానికి స్లాటులు ఆ రెండు స్థాయిల మొత్తమునుబట్టి లభించును. మంత్రములు మాత్రము ఏ విద్య మంత్రములు ఆ విద్యలోని స్థాయిని బట్టియే లభించును.

చేవెళ్ల రైతు తన యైదెకరముల చెలకలో మూడెకరములు క్యారెట్టును, రెండెకరములు టమాటను వేసెననుకొనుడు. బోరుబావి నీరు రెంటికి నుమ్మడి. నేటి నీటిని ఏ మడికి మఱలించినను నడుగువాడు లేడు. కాని క్యారెట్టుకు రెండు నెలలు నిండినవి గదా యని, మూడు వారముల క్రితము నాటిన టమాట కాయునా? దాని దినములు దానివే. స్లాటులు బావినీరు, మంత్రములు పంట.

లెక్కకు వత్తము. విజర్డ్ 5 స్థాయిలు గలవానికి మొదటి శ్రేణి స్లాటులు 4, రెండవ శ్రేణివి 3, మూడవ శ్రేణివి 2. క్లెరిక్ 3, విజర్డ్ 2 గలవానికిని మొత్తము 5 గాన అవే స్లాటులు. అయితే వీనికి క్లెరిక్ మంత్రములు రెండవ శ్రేణివఱకును, విజర్డ్ మంత్రములు మొదటి శ్రేణివఱకును మాత్రమే తెలియును. మూడవ శ్రేణి స్లాటులు రెండున్నవి. వానికి దగిన మంత్రమొకటియు లేదు. చిన్న మంత్రమును పెద్ద స్లాటుతో వేయవచ్చును గనుక అవి వ్యర్థముకావు. ఐనను ఎంత ఫలమో చూడుడు. ‘మ్యాజిక్ మిసైల్’ అను మంత్రము మొదటి శ్రేణిలో మూడు బాణములు, మూడవ శ్రేణి స్లాటుతో నైదు బాణములు విసరును. ఒక్కొక్క బాణమునకు నాలుగుముఖముల పాచికపై వచ్చినదానికి 1 కలుపవలెను, సగటు 3.5, ఐదింటికి 17.5. ఒక్క విద్యవాడు అదే స్లాటుతో అగ్నిగోళమును వేయును: ఆఱుముఖముల పాచికలు ఎనిమిది, సగటు 28, అదియు ఒక్క శత్రువునకు గాదు, ఇరువది యడుగుల వ్యాసార్ధములో నున్నవారందఱికి. తప్పించుకొన్నవానికి సగము తగులును. బాణములు గుఱి తప్పవను గుణ మొకటి కలదు. అంతమాత్రమున వ్యత్యాసము పూడదు.

పూర్ణమాంత్రికుని ఘనతమ శ్రేణికి చిన్న సూత్రము: స్థాయికి 1 కలిపి, 2చే భాగించి, భిన్నమును విడువుము, 9కి మించనీయకుము. దీనిచే విజర్డ్ 10, క్లెరిక్ 10 గల వృద్ధమాంత్రికునికి ఇరువదవ స్థాయి స్లాటులన్నియు నుండగా, మంత్రములు రెండువైపులను ఐదవ శ్రేణితో నిలిచిపోవును. విజర్డ్ 17, క్లెరిక్ 3 గలవానికో, తొమ్మిదవ శ్రేణియు దక్కును, క్లెరిక్ రెండవ శ్రేణియు దక్కును. కావున సమభాగమే యిచ్చట మిక్కిలి నష్టకరము.

ఇంకను చిక్కులు గలవు. విజర్డ్ మంత్రములకు మేధ, క్లెరిక్ మంత్రములకు వివేకము ఆధారము. రెండును కనీసము 13 ఉండనిదే కలుపుటకు వీలులేదు. ఏకాగ్రత వలయు మంత్రము ఎన్ని విద్యలున్నను ఒక సమయమున నొక్కటియే నిలుచును. మనస్సు ఒక్కటే గదా.

మా విద్యార్థినులలో నొకతె 3, 2 పాళ్లలోనే కలుపనెంచినది. దానికి కారణము లోభము కాదు. వారి జట్టున ముగ్గురే. గాయములు మాన్పువాడు లేడు. పడిపోయినవాడు మృత్యువును దప్పించుకొనుటకు పాచిక వేయవలెను. మూడుమాఱులు తప్పినచో ఆ పాత్ర కథయం దిక లేదు. ఏడాది పొడవునను పెంచిన పాత్ర పోవుట పిల్లలకు చిన్న దుఃఖము కాదు. ఆమె యాలోచన మంచిదే, పాళ్లే సరిపడలేదు. పడినవానికి బల మొక్కటి చేరినను లేచును. ‘హీలింగ్ వర్డ్’ అను మొదటి శ్రేణి మంత్రము అఱువది యడుగుల దూరమునుండియే ఆ పని చేయును. అది క్లెరిక్ మొదటి స్థాయియందే లభించును. కావున క్లెరిక్ 1 చాలును, దక్కినదెల్ల విజర్డ్ కావచ్చును. స్లాటులు తగ్గవు, కవచము, డాలు ధరించు నేర్పుకూడ వచ్చును. అగ్నిగోళము ఐదవ స్థాయికి బదులు ఆఱవ స్థాయిని వచ్చును. ఆ జాగు తనకు సమ్మతమే యని యామె కాగితమును తుడిచి మరల వ్రాసికొన్నది.

అర్ధమాంత్రికుల సంగతి వేఱు. పాలడిన్ అను యోధుని స్థాయిలలో సగము మాత్రమే మొత్తమున జేరును. సగము చేయగా భిన్నము వచ్చినచో 2014 గ్రంథము దానిని విడువుమనును, 2024 గ్రంథము పై సంఖ్యకు జేర్చుమనును. పాలడిన్ 5, సార్సరర్ 4 గలవానికి మొదటి లెక్కను 6, రెండవ లెక్కను 7 వచ్చును. ఏడవ స్థాయికి నాల్గవ శ్రేణి స్లాటొకటి కలదు. దానికి దగిన నాల్గవ శ్రేణి మంత్రము ఆతనికి తెలియునా? పై సూత్రముతో విద్యార్థులే తేల్చి, లెక్కపుస్తకమున వ్రాసి తెచ్చెదరుగాక.