పోర్టు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో పూర్తయింది. ఆ మందులు ఎక్కించడానికి ఛాతీలో అమర్చిన పోర్టు తీసేద్దామంటున్నారు. మళ్లీ పూర్తి మత్తు ఇస్తారా? భయంగా ఉంది.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: పెట్టడం కంటే తీయడం తేలికమ్మా. చాలామందికి ఆ చోటు మొద్దుబారే ఇంజెక్షన్ చాలు, చురుక్కుమనేది అదొక్కటే. తర్వాత లోపల లాగుతున్నట్టు తెలుస్తుందంతే. సాధారణంగా పాత మచ్చ మీదే కోసి, అరగంటలో ముగించి, ఆ రోజే ఇంటికి పంపుతారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. కట్టు తడవనివ్వకండి. కొన్నాళ్లు నీళ్ల బిందె ఎత్తే పని ఇంట్లోవాళ్లకు అప్పగించండి! జాకెట్టు అంచు ఒరుసుకుంటే వదులుది వేసుకోండి. జ్వరం, చీము, పెరిగే ఎరుపు, చెయ్యి వాపు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.