మంచము చేరువ మరుగు వసతి

వర్ధన్నపేట మండల గ్రామములలో నేడు పెరటిలో మరుగుదొడ్డి గల యిండ్లు అనేకములు. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛభారత్ కార్యక్రమము క్రింద ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకము ఇయ్యబడినది. అర్హులలో వికలాంగులును చేర్చబడిరి. కాని పక్షవాతముతో మంచము పట్టినవానికి, ఆ దొడ్డికి నడుమ రెండు మెట్లు, జారు బండలు కలవు. కోడలికి శ్రమయగునని నీరు త్రాగుట, రాత్రి భుజించుట మానుకొనువారు కలరు. దానివలన మలబద్ధకము, మూత్రవ్యాధులు సంభవించును.

ఇట్టివారికి కావలసినది కమోడు కుర్చీ. వడ్రంగియో, వెల్డింగు పనివాడో దీనిని చేయగలడు. ముఖ్యమైనది ఎత్తు. కుర్చీ మంచముతో సమానముగా నున్నచో మనిషిని ఎత్తనక్కరలేదు, ప్రక్కకు జరిపిన చాలును. సాధారణముగా 45 నుండి 50 సెంటీమీటర్లు సరిపోవును గాని, ప్రతి యింట కొలుచుటయే మేలు. నులకమంచము నడుమ క్రుంగును గనుక పట్టె వద్ద కొలువవలెను. మంచము వైపు చేయి ఊడదీయుటకు వీలుండవలెను. కాళ్లకు రబ్బరు తొడుగులు వేయవలెను. చక్రములు చూచుటకు బాగుండును; బిగింపు లేనిచో అవియే మనిషిని పడవేయును.

క్రింద మూతగల బకెటు నుంచి, ముందుగా కొంచెము నీరు పోయవలెను. పిదప దానిని ఇంటి మరుగుదొడ్డిలోనే కుమ్మరించి కడుగవలెను. వీధి కాలువలో పోయరాదు. సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు. ఈ పనిని పంచాయతీ పారిశుధ్య కార్మికునకు పురమాయింపరాదు. మానవ మలమును చేతితో ఎత్తించుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

ఇక ధనము. వికలాంగులకు ఉపకరణము లిచ్చు కేంద్ర పథకము 1981లో ఆరంభమైనది. 1972లో కాన్పూరున స్థాపింపబడిన అలిమ్కో సంస్థ ఇట్టి పరికరములను తయారుచేయుచున్నది. అరువది యేండ్లు దాటిన పేదలకై 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన వచ్చినది. వైకల్య ధ్రువపత్రము, ఆదాయపత్రము ముందే సిద్ధపరచినచో దరఖాస్తు సులభమగును. అభివృద్ధి పథకములలో గణనీయ వైకల్యము గలవారికి 5 శాతము కేటాయింపవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 37వ విభాగము చెప్పుచున్నది. సభ్యులు ఈ సంఖ్యను గుర్తుంచుకొని అడుగవలెను.

అయితే పంపిణీ శిబిరమునకు నడచి రాలేనివానికే ఈ కుర్చీ అవసరము! శిబిరము వచ్చువరకు శరీరధర్మము ఆగదు. కనుక పంచాయతీ తీర్మానముతోను, గ్రామస్థుల విరాళముతోను రెండు కుర్చీలు చేయించి, సంఖ్య వేసి, అవసరమైన యింటికి ఎరువిచ్చుట ఉచితము. తిరిగి వచ్చినపుడు బ్లీచింగు నీటితో కడిగి, ఎండబెట్టి, మరియొక యింటికి పంపవచ్చును.

కుర్చీ కోరినవారి పేర్లను సభలో చదువరాదు. వార్డు సభ్యుడు టేపు తీసుకొని తానే ఆ యింటికి పోయి, మంచము ఎత్తు కొలిచి, మంచముపై నున్నవారిని, వారికి సేవచేయు స్త్రీని వేర్వేరుగా అడిగి తెలిసికొనవలెను.