సంజీవదేవ్ జీవనకళ

గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువగా, దుగ్గిరాల మండలంలో తుమ్మపూడి అనే గ్రామం ఉంది. కృష్ణానది కాలువల నీటితో పండే మాగాణి సీమ అది. వరి, పసుపు, అరటి తోటల నడుమ ఒదిగి ఉన్న ఆ ఊరు పుణ్యక్షేత్రంగా గాని, ఒకనాటి రాజధానిగా గాని ప్రసిద్ధి పొందినది కాదు. అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఎక్కడెక్కడి చిత్రకారులు, రచయితలు, తత్త్వజిజ్ఞాసువులు ఆ ఊరి చిరునామాకు ఉత్తరాలు వ్రాసేవారు. కొందరు దారి అడుగుకొంటూ స్వయంగా వచ్చేవారు. అక్కడ సంజీవదేవ్ నివసించడమే అందుకు కారణం.

సూర్యదేవర సంజీవదేవ్ 1914 జులై 3న తుమ్మపూడిలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బాల్యంలో కొంతకాలం కృష్ణాజిల్లా కోనాయపాలెంలో బంధువుల ఇంట పెరిగారు. బడి చదువు ఎంతో దూరం సాగలేదు. చేతిలో పట్టా లేకపోయినా ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ మొదలైన భాషలను స్వయంకృషితో అభ్యసించి, ఆ భాషల సాహిత్యాన్నీ, కళాశాస్త్రాన్నీ, తత్త్వాన్నీ చదువుకొన్నారు. యౌవనంలో ఉత్తరభారతం, హిమాలయ ప్రాంతాలు సంచరించారు. కులూ లోయలోని నగ్గర్‌లో 1928లో స్థిరపడిన రష్యా దేశపు చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ వద్ద అతిథిగా ఉన్నారు. రోరిక్ హిమాలయాలను జీవితాంతం చిత్రించిన మహానుభావుడు. ఉదయపు వెలుగులో ఒక రంగుగా, సంధ్యలో మరొక రంగుగా కనిపించే ఆ శిఖరాలు ఆయన పటాలలో అనేక రూపాలు దాల్చాయి. అటువంటి కళాకారుని సన్నిధి ఒక గ్రామీణ యువకుని మనస్సు మీద ఎంతటి ముద్ర వేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

హిమాలయాలకు వెళ్లిన యువకులు అక్కడే సన్న్యసించడం మన దేశంలో కొత్త కాదు. కళాభిరుచి గలవారు కలకత్తా, బొంబాయి వంటి నగరాలలో స్థిరపడడమూ ఉన్నదే. సంజీవదేవ్ ఈ రెండు దారులనూ కాదని, పుట్టిన ఊరికే తిరిగి వచ్చారు. గృహస్థుగా జీవించారు. పొలాల మధ్యనే ఉండి పాస్టెల్ రంగులతో, నీటి రంగులతో ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. 'రసరేఖ' వంటి గ్రంథాలు వ్రాసి, తెలుగులో కళావిమర్శకు ఒక స్థానం కల్పించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. బడి చదువు పూర్తికాని వ్యక్తికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవమది. అయితే బిరుదుల ప్రస్తావనతోనే ఆయన కథ ముగించేవారు ఆయనలోని అసలు విశేషాన్ని విడిచిపెట్టినవారవుతారు.

ఆ విశేషం ఆయన దినచర్యలో ఉంది. ఆయన నిరంతరం లేఖలు వ్రాసేవారు. ప్రముఖులకు వ్రాసినంత శ్రద్ధతోనే పేరు తెలియని పాఠకులకూ, అప్పుడప్పుడే కలం పట్టిన యువకులకూ జవాబు వ్రాసేవారు. ఆ లేఖలు పిమ్మట సంపుటాలుగా వెలువడ్డాయి. వాటిని చదివినవారికి ఒక సంగతి తెలుస్తుంది. క్షేమసమాచారాల పక్కనే ఆనాటి ఆకాశం, మబ్బు, గాలి, వెన్నెల కూడా చోటు చేసుకొంటాయి. ఎదుటివానికి వార్త చెప్పినట్లే ప్రకృతిని గురించి చెప్పడం ఆయన పద్ధతి. వర్షం కురిసినదన్నది ఆయన దృష్టిలో స్నేహితునికి తెలియజేయదగిన సమాచారమే. రోరిక్ సన్నిధి నుంచి ఆయన తుమ్మపూడికి తెచ్చుకొన్నది చూసే అలవాటు. కొండ అన్నదే లేని సమతల భూమి మీద, కాలువ గట్టు మీద ఆ చూపును నిలిపారు. ఆరాధించిన వ్యక్తి నుంచి వస్తువును కాక దృష్టిని స్వీకరించడం అరుదైన విషయం. సాధారణంగా అభిమానులు దుస్తులనూ, మాటతీరునూ, సంతకాన్నీ అనుకరించి అంతటితో తృప్తి పడతారు.

ఇటువంటి దృష్టి మన ప్రాచీన సాహిత్యానికీ పరిచితమే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భంలో కృష్ణాతీరాన ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించినట్లూ, ఆ స్వామి స్వప్నంలో కనిపించి 'ఆముక్తమాల్యద' రచించమని ఆదేశించినట్లూ ఆ కావ్యావతారికయే చెబుతున్నది. అంతటి యుద్ధభారం మోసిన చక్రవర్తి వర్షర్తువును వర్ణిస్తూ పల్లెలోని వంటింటి దాకా వెళ్లాడు. తడిసిన కట్టెలు అంటుకొనక, పొగతో కళ్లు మండి, అన్నం ఉడికించడానికి ఇల్లాలు పడే అవస్థ ఆయన కంటపడింది. రాజ్యభారం ఆ చూపును మూసివేయలేదు. తీరిక దొరికిన తరువాత లోకాన్ని చూద్దామని రాయలు అనుకొని ఉంటే ఆ పద్యాలు పుట్టేవి కావు.

ఇక్కడ ఒక ఆక్షేపణ తలెత్తవచ్చు. భూమి గల కుటుంబంలో పుట్టినవానికి మబ్బులను చూసే తీరిక ఉంటుంది, కూలికి పోయేవానికి ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. తీరిక లోకంలో సమానంగా పంచబడలేదు. సంజీవదేవ్‌కు లభించిన వెసులుబాటు ఆయన ఊరిలోనే అందరికీ లభించలేదు. అయితే ఆయన పాటి భూమి, అంతకు మించిన భూమి ఉన్నవారు కృష్ణాడెల్టాలో వేలమంది ఉండేవారు. వారందరూ ఆ మబ్బులను చూడలేదు. మరొక వైపు, వరినాట్ల వేళ స్త్రీలు పాడుకొనే పాటల్లో వాన, గాలి, పైరు ఎంత సూక్ష్మంగా కనిపిస్తాయో జానపద గేయాలు విన్నవారికి తెలుసు. ఆ పాటలు తీరిక నుంచి పుట్టినవి కావు.

ఈ సంగతి ఇంటర్మీడియట్ విద్యార్థులకు మిక్కిలి దగ్గరిది. తెల్లవారకముందే మొదలై రాత్రి దాకా సాగే తరగతులు, వారం వారం పరీక్షలు, ర్యాంకుల పట్టికలు - ఈ రెండేళ్లూ జీవితానికి వెలుపలి కాలమని, బ్రతకడం ఫలితాలు వచ్చిన పిమ్మట మొదలవుతుందని చాలామంది భావిస్తారు. చదువు తగ్గించుకొమ్మని సంజీవదేవ్ జీవితం చెప్పదు. ఆయన చదివినంత చదివినవారు అరుదు. చదువు పక్కన మరొకటి కూడా ఉండవచ్చునని మాత్రం ఆ జీవితం చూపుతుంది. దానికి పెద్ద వ్యవధి కూడా అక్కరలేదు. కాలువకు కొత్తనీరు వదిలిననాడు గట్టు మీద నిలబడి చూడడానికి ఎంతసేపు పడుతుంది? పసుపు కొమ్ములు ఉడికించే రోజుల్లో ఊరంతా వ్యాపించే ఆ ఘాటైన వాసన, కోతకు ముందే వరిచేలో చల్లిన మినుములు కోత తరువాత మోళ్ల నడుమ పచ్చగా తలెత్తడం, శీతకాలపు తేగలు, వేసవి ముంజెలు - ఇవన్నీ కళాశాలకు పోయే దారిలో ఎదురయ్యేవే. నగరంలో చదివేవారికి దారులు వేరు, ఎదురయ్యేవి వేరు. మేడమీదికి వెళితే ఆకాశం అక్కడా ఉంటుంది. ఇంటికి దూరంగా వసతిగృహంలో ఉండే విద్యార్థి ఆదివారం ఫోనులో మార్కుల సంగతి చెప్పిన తరువాత, ఆ రోజు కురిసిన వానను గురించి తల్లితో రెండు మాటలు చెబితే అదీ సంజీవదేవ్ లేఖ వంటిదే.

సంజీవదేవ్ 1999 ఆగస్టు 25న మరణించారు. 'తెగిన జ్ఞాపకాలు', 'స్మృతిబింబాలు', 'గతంలోకి' అన్న పేర్లతో ఆయన ఆత్మకథ మూడు భాగాలుగా వెలువడింది. రోరిక్, హిమాలయాలు, దూరదేశపు మిత్రులు ఎందరో అందులో ఉన్నారు. ఆయన మరణానంతరం ఆ మూడు భాగాలను ఒకే గ్రంథంగా ప్రచురించినప్పుడు దానికి 'తుమ్మపూడి' అని పేరు పెట్టారు.