పంచాయతీ ట్రాక్టరు: క్యామ్ షాఫ్టు అరుగుదల

2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమముతో తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు ఉపకరించు ఈ బండి మూలపడినచో ఊరి పారిశుద్ధ్యము కుంటుపడును; మరమ్మతు ఖర్చు పంచాయతీ నిధిపై పడును. కావున ఇంజనులో కంటికి కానరాక అరుగు క్యామ్ షాఫ్టును గూర్చి మనము తెలిసికొనుట అవసరము.

ఇంజనులోనికి గాలిని రానిచ్చి, కాలిన పొగను వెలుపలికి విడుచు ద్వారములే వాల్వులు. వీనిని వేళకు తెరపించునది క్యామ్ షాఫ్టు. ఈ ఇనుప కడ్డీపై కోడిగ్రుడ్డు ఆకారపు ఉబ్బులుండును. కడ్డీ తిరుగునపుడు ఉబ్బు ట్యాపెట్టును నెట్టగా వాల్వు తెరచుకొనును. స్ప్రింగు దానిని మరల మూయును. ఇంజను రెండు చుట్లు తిరుగగా క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగును. నిమిషమునకు 1,500 చుట్ల వేగమున ఒక్కొక్క వాల్వు గంటకు 45,000 సార్లు తెరచుకొనును. ఈ ఒరపిడికి తట్టుకొనుటకై ఉబ్బుల పైపొరను గట్టిపరచెదరు. నడుమ నూనె పొర యున్నంత కాలము అవి మన్నును. గట్టి పొర చెదరెనా, అరుగుదల త్వరితముగ పెరుగును.

అరుగుదలకు ముఖ్య కారణములు నాలుగు. ఆయిలు తగ్గుట, పాతబడుట లేక తగిన రకము కాకుండుట మొదటిది. రెండవది దుమ్ము. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఎఱ్ఱ చెలకల దుమ్ము ఎయిర్ ఫిల్టరు శుభ్రముగా లేనపుడు లోనికి చొరబడి, ఆయిలులో కలిసి లోహమును ఆకురాయివలె అరుగదీయును. స్టార్టు చేసిన వెంటనే, ఆయిలు పైకి చేరకమునుపే, ఇంజనును హోరెత్తించుట మూడవది. వాల్వుల సందును ఏండ్ల తరబడి సరిచూడకుండుట నాలుగవది.

ఇంజను పైభాగమున టకటక శబ్దము, నిండు ట్యాంకరుతో ఎత్తు ఎక్కలేకపోవుట, నల్లని పొగ, డీజిలు ఖర్చు పెరుగుట, తీసిన ఆయిలులో మెరయు లోహపు రజను: ఇవి గుర్తులు. అయితే మురికి ఫిల్టరువలనను నల్లపొగ వచ్చును. సందు ఎక్కువైనను శబ్దము వచ్చును. అందుచే శబ్దము వినగానే ఇంజను విప్పింపరాదు. ముందు ఆయిలు, ఫిల్టరు, పిదప వాల్వుల సందు చూపింపవలెను. సందు సరిచేసినను శబ్దము త్వరలోనే తిరిగి వచ్చినచో, ప్రతి వాల్వు ఎంత లేచుచున్నదో మెకానిక్కుచే కొలిపింపవలెను. ఒకటి తక్కువగా లేచినచో, అచ్చటి ఉబ్బు అరిగినదేమో చూడవలెను. క్రొత్త క్యామ్ షాఫ్టునకు క్రొత్త ట్యాపెట్లనే వేయింపవలెను. అరిగిన పాతవి దానిని గూడ చెరచును.

డ్రైవరు ప్రతి ఉదయము ఆయిలు మట్టము చూడవలెను. ఆయిలు మార్చిన తేదీని, గంటల మీటరు అంకెను పుస్తకములో వ్రాయవలెను. కంపెనీ పుస్తకములో చెప్పిన గడువు దాటినదా యని సభ్యులు ప్రతి సమావేశమున అడుగవలెను. ఊరి సొమ్ముతో నడచు బండికి ఊరే యజమాని. సకాలమున పోసిన కొన్ని లీటర్ల ఆయిలు వేల రూపాయల మరమ్మతును తప్పింపగలదు.