అజంతా గోడ మీద మిథిల రాజు

ఈ వారం వీడియోలో అజంతా చూశాం కదా, టైమ్ సరిపోక అందులో చెప్పని విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

"అవి బౌద్ధ గుహలు కదండీ, మనకెందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ముందు ఒక కథ వినండి, తర్వాత మీరే చెప్పండి.

ఒకటో నంబర్ గుహలో మహాజనకుడి కథ ఉంది. బుద్ధుడి పూర్వజన్మల కథల్ని జాతకాలు అంటారు, అందులో ఇదొకటి. ఈయన మిథిలకి రాజు. ఒకరోజు తోటకి వెళ్తూ రెండు మామిడి చెట్లు చూశాడు. ఒకటి విరగకాసింది, రెండోదానికి ఒక్క కాయ కూడా లేదు. తిరిగి వచ్చేసరికి జనం ఎగబడి కాపున్న చెట్టుని కొమ్మలతో సహా విరిచేశారు. కాయలేని చెట్టు మాత్రం పచ్చగా నిలబడి ఉంది. రాజ్యం కూడా కాపున్న చెట్టులాంటిదే అని రాజుకి అర్థమైంది. అన్నీ వదిలి వెళ్ళిపోయాడు.

మిథిల, జనకుడు, వైరాగ్యం... ఎక్కడో విన్నట్టు ఉంది కదూ? తన నగరం తగలబడుతున్నా చలించని జనకుడు మహాభారతం శాంతిపర్వంలో కనిపిస్తాడు. అదే భావం ఈ జాతకంలోనూ ఉంది. దారులు వేరు కావచ్చు, ప్రశ్న మాత్రం ఒక్కటే: నాది అనుకున్నది నిజంగా నాదేనా?

ఇంకో సంగతి. అజంతాలో దాదాపు 30 గుహలు ఉన్నాయి. పాతవి క్రీస్తుపూర్వం నాటివి, శాతవాహనుల కాలంవి. మిగతావాటిలో ఎక్కువ భాగం 5వ శతాబ్దంలో, వాకాటక హరిషేణుడి కాలంలో తొలిచారు. 16వ గుహ చేయించింది ఆయన మంత్రి వరాహదేవుడు. వాకాటక వంశంలో శివభక్తులూ ఉన్నారు, విష్ణుభక్తులూ ఉన్నారు. అలాంటి రాజుల నేలమీదే ఈ బౌద్ధ విహారాలు వెలిశాయి.

మరి ఆ బొమ్మలు ఎలా వేశారు? గరుకు రాతి మీద మట్టి, పొట్టు, గడ్డి కలిపి మెత్తారు. దానిపైన పల్చగా సున్నం పూశారు. అది ఆరాక జిగురు కలిపిన రంగులు వేశారు. ఎరుపు, పసుపు రంగులు మట్టి నుంచి, నలుపు దీపపు మసి నుంచి వచ్చాయి. నీలిరాయి మాత్రం అఫ్గానిస్తాన్ వైపు నుంచి తెప్పించారు.

అంటే ఆ పద్మపాణి ముఖం ఉన్నది రాతి మీద కాదు, మట్టి పూత మీద! అది పెచ్చులుగా ఊడిపోతుంటే 1920లో హైదరాబాద్ నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించింది. వాళ్ళు పూసిన వార్నిష్ తర్వాత పసుపెక్కి, అసలు రంగుల్ని కప్పేసింది. మంచి మనసుతో చేసిన పనికీ ఎంత జాగ్రత్త కావాలో చూడండి.

అందుకే వెళ్ళినప్పుడు ఫ్లాష్ వద్దు, గోడల్ని తాకొద్దు. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఒక్క నిమిషం ఊరికే నిలబడండి. బొమ్మలు మెల్లగా బయటికొస్తాయి. మన గుడిలో గర్భగుడి ముందు నిలబడేది కూడా అలాగే కదా!

శుభం. వచ్చే వారం కలుద్దాం.